ఉద్యోగాన్వేషణకు ఒక ప్రణాళిక: బిలాస్‌పూర్ చెప్పే పాఠం

1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూర్‌ను అసన్‌సోల్‌తో కలిపే ప్రధాన మార్గాన్ని పూర్తిచేసింది. ఆ మార్గంపై ఎదిగిన రైల్వే పట్టణం బిలాస్‌పూర్. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తికావడంతో ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి రాకపోకలు సుగమమైనాయి. పొట్ట చేతపట్టుకొని వచ్చిన తెలుగు కుటుంబాలు రైల్వే కొలువులో కుదురుకొని, క్వార్టర్లలోనే పిల్లలను పెంచి పెద్దచేశాయి. 2003 నుండి ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం.

ఇటువంటి పట్టణాలలో ఒక నమ్మకం తరతరాలుగా పాతుకొని ఉన్నది: తండ్రి కొలువు ఎప్పటికైనా బిడ్డకు దక్కుతుందని. 2004లో ప్రారంభమైన ఒక పథకం దీనికి కొంత ఊతమిచ్చింది. భద్రతకు సంబంధించిన కొన్ని తరగతుల ఉద్యోగులు ముందుగా పదవీ విరమణ చేస్తే, అర్హత గల వారి సంతానానికి ఉద్యోగమిచ్చే ఏర్పాటు అది. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలలో పౌరులందరికీ సమానావకాశాన్ని హామీ ఇస్తున్నది. ఈ దృష్ట్యా న్యాయస్థానం ఆ పథకాన్ని ప్రశ్నించింది. 2018లో రైల్వే శాఖ దానిని రద్దుచేసింది. ఉద్యోగి సేవాకాలంలో మరణించినప్పుడు కుటుంబానికి లభించే కారుణ్య నియామకం వేరు. అది వారసత్వపు హక్కు కాదు. కనుక నేటి యువతీయువకులకు నిరీక్షణ మార్గం కాదు, అన్వేషణే మార్గం.

అన్వేషణకు తొలిమెట్టు ఆత్మపరిశీలన. విద్యార్హత, వయస్సు, దేహదారుఢ్యం—వీటిని కాగితంపై వ్రాసుకోవాలి. ఉదాహరణకు సహాయ లోకో పైలట్ పదవికి కళ్లద్దాలు లేకుండానే సంపూర్ణ దృష్టి ఉండాలి. ఈ సంగతి ముందే తెలుసుకొన్నవాడు ఏళ్ల శ్రమను వృథాచేసుకోడు. తనకు తగిన మరొక పదవికి సిద్ధమవుతాడు.

రెండవది, దృష్టిని విశాలపరచుకొనడం. బిలాస్‌పూర్ రైల్వేకే పరిమితం కాదు. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం, ఛత్తీస్‌గఢ్ హైకోర్టు, గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం ఇక్కడ ఉన్నాయి. జిల్లాలోని సీపత్‌లో తాపవిద్యుత్కేంద్రం ఉన్నది. ఒకే ద్వారం వద్ద నిలబడక, ఏ సంస్థ ఏయే అర్హతలు కోరుతున్నదో పట్టిక తయారుచేసుకొనాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద శిక్షణ పొందడం వల్ల చేతికి పని వస్తుంది. కాని శిక్షణ ఉద్యోగానికి హామీ కాదని గుర్తుంచుకొనాలి.

మూడవది సమాచారం. 1976 నుండి కేంద్రప్రభుత్వం ప్రచురిస్తున్న ఉద్యోగ వార్తాపత్రికను గ్రంథాలయాలలో క్రమం తప్పక చూడాలి. 2015లో జాతీయ కెరీర్ సర్వీసు ఆరంభమైంది. ప్రకటనను ఆసాంతం చదవనిదే దరఖాస్తు పంపరాదు. రైల్వే నియామక మండలుల ప్రకటనకు ఒక మండలికి మాత్రమే దరఖాస్తు చేయాలి. ఒకటికంటే ఎక్కువ చేస్తే అన్నీ తిరస్కరింపబడతాయి. డబ్బు తీసుకొని ఉద్యోగం ఇప్పిస్తామనే దళారుల మాట నమ్మినవారు సొమ్మునూ కాలాన్నీ రెంటినీ పోగొట్టుకొంటారు.

నాల్గవది భాష. ఇటీవలి సంవత్సరాలలో రైల్వే పరీక్షలకు తెలుగు సహా అనేక భారతీయ భాషలలో ప్రశ్నపత్రాలు లభిస్తున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ నేర్చిన బిడ్డకు ఈ మూడూ ఆస్తులే. తనకు ఏ భాషలో ప్రశ్న త్వరగా బోధపడుతుందో అభ్యాసం ద్వారా ముందే తేల్చుకొనాలి.

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వి. వి. గిరి, రాష్ట్రపతి పదవిలో ఉండగా 1970లో, కోట్లాది ప్రజలకు ఉపాధి కల్పించడం గురించి ఒక గ్రంథం ప్రకటించారు. ఉపాధి కల్పన ప్రభుత్వాల బాధ్యత; అందివచ్చిన అవకాశానికి సిద్ధంగా ఉండడం యువతరం బాధ్యత. తాతలు రైలెక్కి వచ్చినది అట్టి చొరవతోనే. మనుమలకు ఆ కొలువు వారసత్వంగా రాకపోవచ్చును. ఆ చొరవ మాత్రం రాగలదు.