ఒక్క సూదితో అయిపోదు చెల్లె

చలికాలం వస్తే చాలు, మన బుద్వేల్‌లో స్టేషన్ దిక్కు చూసినా, ఇండ్లు కట్టే కాడ ఇసుక కుప్పల్లో చూసినా కుక్కపిల్లలే. "అమ్మా, ఒక్కటి తెచ్చుకుందాం" అని పిల్లలు కొంగు పట్టుకుంటరు. తెచ్చుకో చెల్లె, వద్దనను. కానీ నెల నిండని పిల్లను తల్లి దగ్గర్నుంచి గుంజుకు రాకు. రెండు నెలలు ఆగు.

ఎందుకంటవా? మన కడుపులో బిడ్డకు యాంటీబాడీలు మాయ గుండానే చేరతయి. కుక్కలకు అట్ల నూటికి ఐదో పదో వంతే అందుతది. మిగిలిందంతా ముర్రుపాలలోనే. అదీ మొదటి రోజే, ఎంత తొందరగా తాగితే అంత మేలు. 24 గంటలు దాటితే పేగు వాటిని రక్తంలోకి పోనియ్యదు. తర్వాతి పాలు పేగు వరకే కాపాడతయి. తల్లికే టీకాలు లేకుంటే పిల్లకు ఏమిస్తది, చెప్పు? ఇయ్యకూడనిది మాత్రం ఇస్తది. నులిపురుగులు కడుపులోనే అంటుకుంటయి. అందుకే రెండో వారం నుంచే పురుగుల మందు.

అసలు తిరకాసు తర్వాత ఉంది. తల్లి ఇచ్చిన బలం సుమారు పది రోజులకోసారి సగమైపోతది. బాగా తగ్గేదాకా టీకాను మాత్రం పనిచేయనియ్యదు. పాత వాచ్‌మన్ కొత్తగా డ్యూటీకొచ్చినోణ్ని దొంగనుకొని గేటు కాడే ఆపినట్టు. చిత్రమేందంటే, ముర్రుపాలు దండిగా తాగిన పిల్లకే ఆరో వారం సూది వృథా అయ్యేది ఎక్కువ. నడుమ కొన్ని రోజులు ఇంకా గడ్డు. ఆ యాంటీబాడీలు పార్వో వైరస్‌ను ఆపలేవు, టీకాను మాత్రం చెడగొడతయి. ఒక్క ఈతలో పిల్లలకే ఆ రోజులు వేర్వేరుగా వస్తయి. ఏ పిల్లకు ఎప్పుడో చూసి చెప్పేటట్టు ఉండదు.

అందుకే ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి సెవెన్ ఇన్ వన్ టీకా వేస్తరు. "పైసల కోసం" అని సణుగుతరు మనోళ్లు. కాదు, ఆఖరి సూదిదే అసలు బలం. రేబిస్ సూది మూడు నెలలు నిండినంక వేరే.

పార్వో 1978 ప్రాంతంలో ప్రపంచమంతా పాకిన వైరస్. మట్టిలో నెలల తరబడి బతుకుతది. ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ కావాలె. వాంతులు, నెత్తురు విరేచనాలు కనిపిస్తే పెరుగన్నం పెట్టి చూద్దామనుకోకు, ఆ పూటే డాక్టర్ దగ్గరికి పో. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ మనకు పక్కనే ఉండుడు అదృష్టం.

సూదులు అయ్యేదాకా రోడ్డు మీద దించకు. చంకనెత్తుకొని తిప్పు. మనుషులు, హారన్లు, విమానాల మోత అలవాటయ్యే వయసు అదే.

పిల్లను తెచ్చుకున్నోళ్లు తల్లిని మరువకండమ్మా. దానికి రేబిస్ సూది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని మున్సిపాలిటీ వాళ్లకు చెప్పండి.