ప్రింట్‌మేకింగ్: చెయ్యి తిరిగినవాళ్ల కోర్సు

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఒక పక్క గోదారి, ఒక పక్క సముద్రం. రెండు నీళ్ల రంగులూ చప్పున కలవవు. ఇంటర్ అయిపోయి, బొమ్మలు వేయడం తప్ప ఇంకేదీ మనసుకెక్కని పిల్లలు అక్కడ ఓ సాయంత్రం కూర్చోండి. దాదాపు ఇలాంటి తమాషాతోనే ఒక తెలుగాయన ప్యారిస్‌లో పేరు తెచ్చుకున్నారు.

ఆయన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. నాన్న పొలం పనులు చేసుకుంటూనే గుళ్లకు బొమ్మలు వేసేవారు, చెక్కేవారు. ఇంట్లో అబ్బిన పనికి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువు తోడైంది. లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకుని, ప్యారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపే ‘అటెలియే 17’ అనే ప్రింట్ స్టూడియోకి చేరారు.

చెక్కిన రేకుకు ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీయడమే ప్రింట్‌మేకింగ్. అప్పట్లో రంగుకో రేకు చెక్కుకోవడం మామూలు. హేటర్‌తో, తోటి కళాకారుడు కైకో మోతీతో కలిసి కృష్ణారెడ్డి ఒక్క రేకు మీదే అన్ని రంగులూ పలికించారు. లోహపు రేకును ఎగుడుదిగుడుగా చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపిన పలచటి ఇంకును గట్టి రోలర్‌తో పైపైన పూస్తారు. ఆ తర్వాత మెత్తటి రోలర్‌తో చిక్కటి ఇంకు. అది పల్లాల్లోకి దిగుతుంది గానీ, నూనె ఉన్నచోట అంటదు. శిల్పి కాబట్టే రేకు ఆయనకు అంతగా లొంగిందని నా నమ్మకం. 1972లో పద్మశ్రీ వచ్చింది. న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, 2018లో అక్కడే కన్నుమూశారు.

ఈ దారిలో వెళ్లాలంటే ముందు నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్). హైదరాబాద్‌ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. ప్రింట్‌మేకింగ్‌లో ఎంఎఫ్‌ఏకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బరోడా, శాంతినికేతన్ చూడండి. కొన్నిచోట్ల దీన్నే ‘గ్రాఫిక్స్’ అంటారు. కంప్యూటర్ కోర్సనుకుని చేరేరు!

ప్రవేశ పరీక్షలో మీరు బొమ్మ ఎలా గీస్తారో చూస్తారు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డవాళ్లను రోజూ గీయండి. మనుషులు కదులుతూనే ఉంటారు, అదే మంచిది.

డబ్బు సంగతి దాచను. ఒక రేకు మీద పాతిక కాపీలు తీసి, నంబర్లు వేసి అమ్మొచ్చు. కానీ కొనేవాళ్లు మెల్లగా దొరుకుతారు. అందాకా డ్రాయింగ్ టీచర్‌గానో, బట్టల డిజైన్‌లోనో, పుస్తకాల బొమ్మల్లోనో నిలదొక్కుకోవాలి. అచ్చు తీసే ప్రెస్ ఇంట్లో పెట్టుకునేది కాదు. చెన్నై లలిత కళా అకాడమీ కేంద్రం లాంటి స్టూడియోలు ఉన్నాయి.

వడ్రంగి ఇంటి పిల్లలకు ఉలి ఎలాగూ తెలుసు. మిగతావాళ్లు ఈ రాత్రే పెన్సిల్ రబ్బరు మీద బ్లేడుతో పేరు చెక్కి, స్టాంపు ప్యాడ్‌ మీద అద్ది కాగితం మీద వేయండి. అక్షరాలు తిరగబడి పడతాయి. రెండోసారి అద్దంలో చూసుకుని చెక్కండి.