ఆయిల్ మీద మీగడ

పాత బుల్లెట్ ఒకటి షెడ్డుకొస్తుంది. ఓనరు ఆయిల్ మూత విప్పి లోపలివైపు చూపిస్తాడు. లేత కాఫీ రంగులో, వేలికి అంటుకునే మీగడ. "హెడ్ గ్యాస్కెట్ పోయిందటండీ, ఇంజన్ దింపాలంటున్నారు" అంటాడు దిగులుగా. పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు వెంటనే స్పానర్ అందుకుంటారు. ఆగండి.

కారు ఆయిల్ పాలలా మారితే గ్యాస్కెట్‌ని అనుమానించడం సబబే. అక్కడ రేడియేటర్ నీళ్ళుంటాయి, సందు దొరికితే ఆయిల్లోకి దిగుతాయి. తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కాస్ట్ ఐరన్ బుల్లెట్ గాలికి చల్లబడే బండి. రేడియేటరే లేని ఇంజన్లో గ్యాస్కెట్ దాటి వచ్చే నీళ్ళెక్కడివి?

మరి ఈ తడి ఎక్కడిదంటే, చాలావరకు పెట్రోలుదే. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఈ మాట చెబితే నమ్మరు గానీ, చలికాలం పొద్దున్నే సైలెన్సర్ కొన నుంచి రాలే చుక్కలు అవే. ఆ ఆవిరిలో ఎక్కువ భాగం బయటికే పోతుంది. కాస్త మాత్రం రింగుల పక్కనుంచి క్రాంక్ కేసులోకి జారుతుంది. ఇంజన్ బాగా కాగి ఉంటే అదీ బ్రీదర్ దారిన వెళ్ళిపోతుంది. కాగకపోతే అన్నం గిన్నె మూతకి పట్టినట్టు లోపల చెమ్మ పట్టి, ఆయిల్‌తో చిలికి మీగడ కడుతుంది.

అందుకే స్పానర్ కంటే ముందు ఒక ప్రశ్న అడగాలి: బండి రోజుకి ఎంత దూరం తిరుగుతోంది?

నా దగ్గరికొచ్చిన ఒక రిటైరైన పెద్దాయన బండి రైతుబజారుకి, అక్కణ్ణుంచి గుడికి, మళ్ళీ ఇంటికి. అంతా కలిపి మూడు కిలోమీటర్లు లేదు. "తిప్పని రోజుల్లో పాడవకూడదని పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతానండీ" అన్నాడు పైగా. పాడుచేస్తున్నదే ఆ పది నిమిషాలు. స్టాండు మీద ఐడిలింగ్‌లో ఆయిల్‌కి కావలసిన వేడి ఎక్కదు, నీరు మాత్రం పుడుతూనే ఉంటుంది. ఆయిల్ మార్చి, వారానికోసారి ఊరి బయటికి అరగంటకి తక్కువ కాకుండా తోలమని పంపించాను. నెల తర్వాత మూత శుభ్రంగా ఉంది. బిల్లు ఆయిల్ ఖర్చు దాటలేదు.

మూత కింద పలచటి మీగడ చూసి కంగారుపడక్కర్లేదు. అసలు సంగతి అడుగున తెలుస్తుంది. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే స్టార్ట్ చేయకుండా డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయండి. నీళ్ళు బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. వాటిని గాజు సీసాలో పట్టి ఓనరుకే చూపిస్తే సగం మాటలు మిగులుతాయి. నీళ్ళు విడిగా కనబడకపోతే వేడి రేకు మీద ఒక చుక్క ఆయిల్ వేసి చూడండి. తిరగమోతలో ఆవాల్లా చిటపటలాడితే తడి ఉన్నట్టే. ఈ పని పెట్రోలుకి దూరంగా, కళ్ళకి అద్దాలు పెట్టుకుని చేయాలి.

తర్వాత బ్రీదర్ చూడండి. పాత బుల్లెట్లకి దాని కొసన బాతు ముక్కులాంటి రబ్బరు ఉంటుంది. లోపలి గాలిని బయటికి వదలడం, బయటి గాలిని లోపలికి రానివ్వకపోవడం దాని పని. అది ఎండి చీలితే వానాకాలపు గాలి నేరుగా లోపలికే. చవకైన ముక్క, అందరూ మరిచిపోయేదీ అదే. వాటర్ వాష్ కుర్రాడికి కూడా చెప్పండి, గన్ను బ్రీదర్ మీదికీ ఆయిల్ మూత మీదికీ గురిపెట్టొద్దని.

పాత యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి టూ స్ట్రోక్ బళ్ళ లెక్క వేరు. వాటి ఇంజన్ ఆయిల్ పెట్రోల్లోనే కలిసి కాలిపోతుంది. తడి కోసం వెతకాల్సింది గేర్ బాక్సులో.

మునిగిన బండి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నిలిచాయో చూశాం. అలాంటి బండికి కిక్ కొట్టకూడదు. సిలిండర్లో చేరిన నీరు గాలిలా నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్ విప్పి నీళ్ళు బయటికి పోనివ్వండి. కార్బురేటర్ ఖాళీ చేయండి. పాత బుల్లెట్లో ఇంజన్‌కి, క్లచ్ కేసుకి, గేర్ బాక్సుకి ఆయిల్ వేర్వేరు. మూడూ దింపాలి. ఇంజన్ ఒక్కటే మార్చి పంపిస్తే రెండు నెలల్లో క్లచ్ కోసం తిరిగొస్తుంది.

డీజిల్ పోసి కడిగే అలవాటు మానండి. ఈ ఇంజన్లో ఎంత దింపినా మూలల్లో కొంత మిగిలిపోతుంది, అది కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. దాని బదులు అదే గ్రేడులో చవక ఆయిల్ పోయండి. స్టార్ట్ చేశాక హెడ్‌కి వెళ్ళే ఆయిల్ పైపు బోల్టు కొద్దిగా వదులు చేసి, ఆయిల్ ఊరుతోందో లేదో చూడండి. ఊరకపోతే వెంటనే ఇంజన్ ఆపండి. ఊరితే బోల్టు బిగించి, బాగా వేడెక్కేదాకా తోలి, వేడి మీదే దింపేయండి. అప్పుడు మంచి ఆయిల్, కొత్త ఫిల్టరు. రెండోసారి దింపింది కూడా పాలలా ఉంటే ఇంకోసారి తప్పదు. ఆ ఖర్చు పని మొదలుపెట్టకముందే ఓనరుకి చెప్పి ఉంచండి.