ముంగిట్లో మార్చిన డిఫరెన్షియల్: బిల్లు మీద ఏముండాలి?

మలుపు తిరిగే బండికి లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి కాబట్టి, ఒకే ఇరుసు మీది రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిస్తూనే రెండింటికీ ఇంజను బలాన్ని పంచే గేర్ల అమరికను డిఫరెన్షియల్ అంటారు. నాలుగు చక్రాలకూ బలం అందే థార్, జిప్సీ, జిమ్నీ, గూర్ఖా వంటి బళ్లలో వెనుక ఒకటి, ముందు మరొకటి ఉంటాయి. ముందుది పాడైనప్పుడు బండిని షెడ్డుకు పంపకుండా, ఇంటి ముంగిట్లోనే జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి మార్చుకొనే యజమానులకు ఆ పనికి చట్టం అనుమతి పత్రమేదైనా అడుగుతుందా అన్న సందేహం సహజంగానే కలుగుతుంది. అడగదు. సొంత బండిని సొంత చేతులతో బాగుచేసుకోవడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988 నిషేధించలేదు. అయితే పానా యజమాని చేతికి వచ్చిన క్షణం నుంచి ఏ భాగం ఎక్కడ కొన్నారు, ఎలా బిగించారు, లోపం ఎవరిది అన్న ప్రశ్నలకు రుజువు చూపవలసిన భారం కూడా చాలావరకు అతని మీదికే వస్తుంది.

ఆ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటితో సరిపోలని విధంగా బండిని మార్చకూడదు. బండి మౌలిక లక్షణం మారిపోయేలా నిర్మాణంలో చేసే మార్పును ఈ సెక్షన్ ‘ఆల్టరేషన్’ అంటుంది. పాత డిఫరెన్షియల్ తీసి అదే నిష్పత్తి గల, అదే మోడలుకు చెందిన డిఫరెన్షియల్‌ను బిగించడం మరమ్మతే తప్ప ఆల్టరేషన్ కాదు, దానికి రవాణా కార్యాలయానికి వెళ్లనక్కరలేదు. రెండు చక్రాలకే బలం అందే బండికి కొత్తగా ముందు ఇరుసు, బలాన్ని ముందు వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అమర్చి ఫోర్ వీల్ డ్రైవుగా మార్చడం మాత్రం వేరే సంగతి. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పును 52వ సెక్షన్ ఒప్పుకోదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన 182ఏ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చంటుంది.

నిష్పత్తి అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇంట్లో చేసే ఈ పనిలో వచ్చే తగాదాలకు అదే పెద్ద మూలం. డిఫరెన్షియల్ లోపలి పెద్ద పళ్ల చక్రాన్ని క్రౌన్ అని, దాన్ని తిప్పే చిన్న గేరును పినియన్ అని అంటారు. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. క్రౌన్‌కు 41, పినియన్‌కు 11 పళ్లుంటే అది సుమారు 3.73, క్రౌన్‌కు 43 ఉంటే 3.91. కంటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, ఒకే హౌసింగులో ఇమిడిపోనూవచ్చు. కానీ చక్రాలు నూరు చుట్లు తిరిగేసరికి మొదటి దాని ప్రొపెల్లర్ షాఫ్టు 373 చుట్లు, రెండోదానిది 391 చుట్లు తిరుగుతుంది. పార్ట్ టైమ్ అమరిక గల బళ్లలో ఫోర్ వీల్ లివరు వేయగానే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు, వెనుక షాఫ్టులను కలిపి బిగిస్తుంది కాబట్టి, ముందు ఒక నిష్పత్తి, వెనుక మరొకటి ఉంటే ఆ 18 చుట్ల తేడా ఎక్కడికీ పోలేక టైర్లను ఈడుస్తుంది, చివరకు గేర్లనే విరుస్తుంది. అమ్మినవాడు అప్పుడు ‘బిగించడం రాలేదు’ అంటాడు, కొన్నవాడు ‘తప్పు సరుకు ఇచ్చావు’ అంటాడు; ఆ వాదన తేలేది బిల్లు మీద ఏం రాసుందన్న దానిపైనే.

వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ ఇక్కడ పనికొస్తుంది. కొనుగోలుదారు సరుకు ఏ అవసరానికో వ్యాపారికి తెలియజేసి, ఆ వ్యాపారి నేర్పు మీద ఆధారపడి కొన్నప్పుడు, సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు రాయకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే. కానీ ఇదే సెక్షన్‌లో చాలామంది గమనించని మినహాయింపు ఒకటుంది: ఒక వస్తువును దాని వ్యాపార నామంతో, ఫలానా కంపెనీ ఫలానా సరుకు అని అడిగి కొంటే, అవసరానికి తగినదన్న ఆ షరతు వర్తించదు. అందుకని కౌంటరు దగ్గర బ్రాండు పేరు చెప్పి ఊరుకోకుండా, బండి మోడలు, తయారైన ఏడాది, ఛాసిస్ నంబరు, ముందు ఇరుసుకే కావాలన్న సంగతి, పళ్ల లెక్క చెప్పి, వాటిని బిల్లులో రాయించుకోవడం మేలు. రాయడానికి వ్యాపారి బద్ధకిస్తే అదే వివరాలను వాట్సాప్‌లో పంపి, ‘సరిపోతుంది’ అన్న జవాబును భద్రపరచుకున్నా సాక్ష్యమే. బిల్లు ఇవ్వకపోవడమే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువేదీ లేనప్పుడు లోపమున్న సరుకును 30 రోజుల్లో వాపసు తీసుకొని డబ్బు ఇవ్వకపోవడమూ అలాంటిదే కాబట్టి, ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అన్న రబ్బరు ముద్ర లోపమున్న సరుకుకు రక్షణ కాదు.

పాత సామాన్ల అంగడిలో కొనేవారికి మరో జాగ్రత్త అవసరం. దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణముండీ దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత, 2023లోని 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. సగం ధరకే, బిల్లు లేకుండా దొరికిన డిఫరెన్షియల్ అలాంటి అనుమానానికి తావిస్తుంది కనుక, అమ్మినవారి చిరునామా, జీఎస్టీ నంబరు, అది ఏ బండి నుంచి విప్పిందో ఆ నంబరు కాగితం మీద ఉండాలి.

వారంటీ సంగతిలో యజమానులు అనవసరంగా భయపడుతుంటారు. బయట చెయ్యి పడితే వారంటీ మొత్తం రద్దన్న మాట సర్వీసు కేంద్రాల్లో తరచూ వినిపిస్తుంది. విడిభాగాలను స్వేచ్ఛగా మార్కెట్లోకి రానివ్వడం లేదన్న ఫిర్యాదుపై 14 కార్ల కంపెనీలకు జరిమానా వేస్తూ కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో, స్వతంత్ర మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టకూడదని, బయటి మరమ్మతు లోపం వల్ల కలిగిన నష్టం మేరకే దాన్ని నిరాకరించవచ్చని చెప్పింది. ఆ ఉత్తర్వు అప్పీళ్లకు వెళ్లింది. పైగా అది స్వతంత్ర మెకానిక్‌ల గురించి చెప్పిందే గాని యజమాని స్వయంగా చేసుకొనే పనిని ప్రస్తావించలేదు. అయినా ముందు డిఫరెన్షియల్ మార్చినందుకు పవర్ విండో వారంటీ ఇవ్వబోమనే కంపెనీని ఈ తర్కంతో నిలదీయవచ్చు.

బీమా విషయంలో ఒకే హెచ్చరిక చాలు. అరుగుదల, యాంత్రిక వైఫల్యం మామూలు పాలసీల్లోకి రావు. కానీ బండరాయికి తగిలి హౌసింగు పగిలితే అది ప్రమాదం. అప్పుడు సర్వేయరు చూడకముందే ఇంట్లో విప్పేస్తే క్లెయిము బలహీనపడుతుంది.

కొత్తగా వేసిన డిఫరెన్షియల్ కొద్ది రోజుల్లోనే ఊళపెడితే మళ్లీ విప్పి చూడాలనిపిస్తుంది గాని, అక్కడే చెయ్యి ఆపాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ ప్రకారం, హాని జరిగే సమయానికి వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా అమ్మకందారు మీద ఉత్పత్తి బాధ్యత దావా నిలవదు. సీలు విప్పిన క్రౌన్ పినియన్ సెట్టు వ్యాపారి లాయరుకు ఆ వాదనను చేతికిచ్చినట్టే. పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే వస్తువు నమూనాను సీలు చేసి తగిన ప్రయోగశాలకు పంపే అధికారం అదే చట్టంలోని 38వ సెక్షన్ కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. బిగించేటప్పుడు తీసిన ఫొటోలు, పోసిన గేర్ ఆయిల్ గ్రేడు, బ్యాక్‌లాష్ ఎంత పెట్టారన్న కొలత — పళ్ల మధ్య వదిలే సన్నని ఖాళీని మెకానిక్‌లు ‘ప్లే’ అంటారు — తేదీలతో రాసి పెట్టుకుంటే, పని సరిగానే జరిగిందని చూపడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

వాణిజ్య అవసరానికి కొన్నవారు ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. అరకు దగ్గర కటికి జలపాతం దారిలో సొంత జీపు స్వయంగా నడుపుకొంటూ పర్యాటకులను తిప్పి బతికే వ్యక్తికి మాత్రం స్వయం ఉపాధి మినహాయింపు వర్తిస్తుంది. అయిదు జీపులు డ్రైవర్లతో తిప్పించే యజమానికి వర్తించడం కష్టం. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపుంటే ఫిర్యాదుకు రుసుము లేదు, దుకాణం హైదరాబాదులో ఉన్నా ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, గడువు వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. అంతకుముందు 1915 నంబరుకు చెప్పి చూస్తే కొన్ని తగాదాలు కమిషన్ దాకా రాకుండానే తెగుతాయి.

బండి రోడ్డెక్కాక చూడవలసింది ఆయిల్ సీళ్ల సంగతి. జిప్సీ లాంటి గట్టి ఇరుసు బళ్లలో చివరి సీలు సరిగా కూర్చోకపోతే గేర్ ఆయిల్ చక్రం దాకా కారి బ్రేకులను తడపవచ్చు. మామూలు జాగ్రత్తతో కనిపెట్టగల లోపం ఉన్న బండిని నడిపినందుకే మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షన్ కింద జరిమానా పడుతుంది. ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విప్పినప్పుడు తీసిన పాత ఆయిల్‌ను వీధి కాలువలో పారబోయడం జల కాలుష్య నివారణ చట్టం, 1974కు విరుద్ధం కాబట్టి, దాన్ని డబ్బాలో పట్టి అధీకృత రీసైక్లరుకు చేర్చే షెడ్డులో ఇవ్వాలి. విప్పిన పాత డిఫరెన్షియల్‌ను మాత్రం కొత్తది నాలుగు వారాలు నడిచేదాకా తుక్కుకు వేయకూడదు, ఎందుకంటే అసలు నిష్పత్తి ఎంతో కమిషన్ ముందు చెప్పగలిగేవి దాని పళ్లే.