పశువు కడుపులోకి ప్లాస్టిక్ పోనీయకండి

పాడి పశువు మేత సరిగా తినదు. నెమరు తగ్గుతుంది. ఎడమ డొక్క ఉబ్బుతుంది. పాలు రోజురోజుకు తగ్గిపోతాయి. మందులు పోసినా గుణం కనిపించదు. ఊళ్లో తిరిగి మేసే పశువుకు ఇలా జరిగితే, కడుపులో ప్లాస్టిక్ సంచులు చేరి ఉండవచ్చునని అనుమానించాలి.

ఎలా జరుగుతుంది?

ఆవుకు, గేదెకు పై దవడలో ముందు పళ్లు ఉండవు. మేతను నాలుకతో చుట్టి లోపలికి లాక్కుంటాయి, ఏరుకుని తినలేవు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం సంచిలో వేసి ముడి కట్టి పారేస్తే, వాసనకు వచ్చిన పశువు సంచితో సహా మింగుతుంది. పెద్ద పొట్టలో ప్లాస్టిక్ అరగదు. సంచికి సంచి, తాడుకు తాడు పెనవేసుకుని ముద్దగా పేరుకుంటుంది. దానిని కరిగించే మందు లేదు. పశువైద్యుడు ఎడమ డొక్క కోసి తీయవలసిందే. మేకులు, తీగ ముక్కలు రెండవ పొట్టలో చేరి, దాని గోడను చీల్చుకుని పక్కనే ఉన్న గుండెకు గుచ్చుకునే ప్రమాదం కూడా ఉంది.

పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వారు ఆవుల కడుపులోంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీయించిన అనుభవంతో, 2012లో ఈ విషయమై సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

నియమాలు ఏమంటున్నాయి?

2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు పట్టణాలతో పాటు గ్రామ పంచాయతీలకు కూడా వర్తించాయి. అదే సంవత్సరం వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంటివద్దనే వేరు చేయాలని, వీధిలోను కాలువలోను పారవేయరాదని, ఆరుబయట కాల్చరాదని నిర్దేశించాయి. 2022 జులై 1 నుండి ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు మొదలైనవి నిషేధించబడ్డాయి. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకన్న పలుచని చేతిసంచులకు కూడా నిషేధం వచ్చింది. పాల ప్యాకెట్లు ఈ నిషేధాలలోకి రావు. అయినా ఖాళీ ప్యాకెట్లను జాగ్రత్త చేయవలసిన బాధ్యత మనదే.

సభ్యులు చేయవలసినవి

1. తడి చెత్తను సంచిలో కట్టవద్దు. బుట్టలోగాని బకెట్టులోగాని వేయండి.

2. కూరగాయల తొక్కలను చూసి, ఏరి పశువుకు పెట్టవచ్చు. అన్నం మాత్రం ఎక్కువగా పెడితే కడుపులో పులిసి ప్రాణం మీదికి వస్తుంది.

3. పాల ప్యాకెట్టు మూలను పూర్తిగా తెగకుండా కత్తిరించండి. ఖాళీ ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, పొడి చెత్తతో ఇవ్వండి.

4. పెంటకుప్పలో ప్లాస్టిక్ వేయవద్దు. ఎరువుతో పాటు అది మేత పొలానికి చేరుతుంది.

5. కాల్చవద్దు. పి.వి.సి. వంటివి కాలితే డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. అవి పచ్చిమేతపై పడితే, మేత ద్వారా పాలలోని వెన్నలో చేరతాయి.

6. పెళ్లిళ్లు, జాతరలు జరిగినపుడు విస్తరాకులు, స్టీలు గ్లాసులు వాడండి. ఎంగిలి ఆకులు పారవేసే చోటికి పశువులను వదలకండి.

సంఘం చేయవలసినది

పాల సేకరణ కేంద్రం వద్ద పొడి చెత్తకు ఒక గోనెసంచి కట్టి, నిండిన తరువాత పంచాయతీ వారికి అప్పగించాలి. పోయిన పశువును సంఘం తిరిగి తేలేదు. ఇంటివద్ద విప్పిన ఒక్క ముడి దానిని కాపాడవచ్చు.

సమావేశంలో చర్చించండి

మన ఊరి చెత్త ఎక్కడ పడుతోంది? అక్కడికి పశువులు వెళ్తున్నాయా? కంచె వేసే బాధ్యత ఎవరు తీసుకుంటారు?