కొండ మీద చంద్రుడు

ప్రశ్న: మా తమ్ముడు తిరుత్తణి కొండ ఫోటోలో పెద్ద చంద్రుణ్ణి అతికించాడు. ఏదో తేడాగా ఉంది. నొచ్చుకోకుండా ఎలా చెప్పను?
– ఓ పాఠకురాలు, కనకమ్మ సత్రం

జవాబు: "ఏదో తేడా" అని మాత్రం అనకండమ్మా, ఎక్కడో వేలు పెట్టి చూపండి. అంతకు ముందు తను ఏం చూపాలనుకున్నాడో అడగండి. కలలాంటి బొమ్మే కావాలనుకుంటే చంద్రుడి సైజు తప్పు కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా ముందు లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడితే ఎవరు కాదన్నారు? వెలుగు మాత్రం కుదరాలి. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటాడు. గోపురం వెనక చంద్రుడూ, అటు నుంచే సాయంత్రపు ఎండా అంటే కన్ను ఒప్పుకోదు. అతుకు అంచున తెల్లగీత మిగిలిందేమో కూడా చూడండి. బాగున్నదేదో అదీ విడమరిచి చెప్పండి. అన్నీ ఒక్కసారే వద్దు, ముందు వెలుగు సరిచేయమనండి.