ప్రాసెసరు - వేసవి తాపము

తెలుగు పాఠాలు చెప్పేవాడు కంప్యూటరును గురించి వ్రాయడమేమిటని విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. రోహిణీ కార్తెలో మార్కుల పట్టికలు తయారుచేస్తూ నేను పడిన అవస్థయే ఈ వ్యాసానికి కారణం. ఉదయం చురుకుగా నడచిన యంత్రం మధ్యాహ్నానికి అక్షరమక్షరానికీ తడబడసాగింది. వైరస్ అన్నారు కొందరు, ముసలిదైనదన్నారు మరికొందరు. తీరా పెట్టె విప్పి చూడగా, ఫ్యాను క్రింది లోహపు రెక్కల మధ్య దుమ్ము దూదివలె పేరుకొని ఉన్నది.

ప్రాసెసరు అనగా చిన్న సిలికాన్ పలకపై కూర్చిన ట్రాన్సిస్టర్ల సముదాయం. 1971లో వెలువడిన ఇంటెల్ 4004లో ఇవి సుమారు 2,300 మాత్రమే; నేటివాటిలో వందల కోట్లు. ట్రాన్సిస్టరు విద్యుత్తుకు ద్వారం వంటిది. అది తెరుచుకొని మూసుకొన్నప్పుడెల్లా కొంత విద్యుత్తు వేడిగా మారుతుంది. వేగం రెట్టింపైతే ఈ వ్యయం రెట్టింపవుతుంది. వోల్టేజీ రెట్టింపైతే నాలుగింతలవుతుంది. వేగం పెంచడానికి వోల్టేజీని కూడా పెంచవలసి రావడమే చిక్కు. అంతేకాదు, మూసిన ద్వారం గుండా కూడా కొంత విద్యుత్తు కారిపోతుంది. వేడి పెరిగిన కొలది ఆ కారుదల హెచ్చి, మరల వేడినే పుట్టిస్తుంది. ఇంటెల్ సంస్థ వారంతటివారు 4 గిగాహెర్ట్‌జ్ పెంటియం 4 తయారీ ఆలోచనను 2004లో విరమించుకొని, ఒకే పలకపై రెండు ప్రాసెసర్లను అమర్చే మార్గం పట్టారు. అందుకు గల కారణాలలో ఈ వేడి ముఖ్యమైనది.

అయితే 60 డిగ్రీల వద్ద చురుకైన ప్రాసెసరు 80 వద్ద సోమరి అవుతుందనుకోరాదు. హద్దు చేరనంతవరకు పని దాదాపు యథాతథంగా సాగుతుంది. అనేక ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ హద్దు సుమారు 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అప్పటికీ చల్లబడకున్న యంత్రం ఆగిపోతుంది. ఇది రోగం కాదు, ఆత్మరక్షణ.

గది వేడిపైననే ప్రాసెసరు వేడి చేరుతుంది గనుక, డిసెంబరులో 25 డిగ్రీలున్న గది మే నెలలో 42కు చేరితే, ప్రాసెసరు కూడా ఇంచుమించు ఆ 17 డిగ్రీలు అదనంగా మోయవలసిందే. పరుపుపై లాప్‌టాప్ ఉంచి చదివే హాస్టలు విద్యార్థులు, గాలి ఆడే రంధ్రాలను తామే మూస్తున్నామని గ్రహింతురుగాక!

మన కంప్యూటరు గదిలో పాతవని మూలకు చేర్చిన యంత్రాలున్నవి. క్రొత్తవి కొనుటకు ముందు వీటిని విప్పించి చూడవలసిందిగా కార్యవర్గం వారికి నా మనవి. నా యంత్రానికి దుమ్ము దులిపి, ప్రాసెసరుకూ లోహపు రెక్కలకూ నడుమ ఎండిపోయిన పేస్టు మార్చారు. పట్టికలు ఆ సాయంత్రమే పూర్తయినవి.